తిమ్మన్న కొట్లో మ్యాగజైన్లు

చెట్ల కన్నా కమిటీలు ఎక్కువున్న పెద్ద అడవి ఒకటి ఉండేది. ఆ కమిటీలన్నిటికీ సరుకులు కొనిపెట్టే పని సుందరలింగం అనే నక్కది. లింగం చెడ్డవాడేం కాదు. లంచం ముట్టుకోడు. ముట్టుకునేంత ధైర్యం అతనికి లేదు. అతనికి సింహమంటే భయం, సింహం కన్నా ఆడిట్ చేసే గుడ్లగూబంటే ఇంకా భయం. "ఇంతకన్నా చవగ్గా దొరకలేదా?" అని గుడ్లగూబ మెడ తిప్పి ఒక్క చూపు చూసిందంటే, ఆ రోజుకి లింగానికి తిండి సయించేది కాదు.

ఆ ఏడు ఎండలు ముదిరి వాగు ఎండిపోయింది. అడవి మొత్తానికి ఒక్క నీటిగుంట మిగిలింది. కొండకు అవతల ఉండే రేసుకుక్కలనే అడవికుక్కల కన్ను దాని మీద పడింది. గుంపుగా వచ్చి దుప్పుల్ని తరిమేసి, కడుపునిండా తాగి, మిగిలిన నీళ్ళలో పొర్లాడి బురద చేసి పోయేవి.

గుంటకి కాపలాదారు బండయ్య అనే ఎలుగుబంటి. అతని దగ్గర ఒక సెమీ ఆటోమేటిక్ తుపాకీ ఉంది. ఏనుగును చూసి పరిగెత్తిన వేటగాళ్ళు పారేసుకుపోయిన షాట్‌గన్ అది. గాల్లోకి పేలిస్తే చాలు, ఆ చప్పుడుకే కుక్కలు కొండెక్కి పారిపోయేవి. అలాంటిది మొన్నామధ్య ఏనుగమ్మ చూసుకోకుండా దాని మ్యాగజైన్ మీద కాలేసింది.

బండయ్య సభకు వచ్చి, చితికిపోయిన ఆ రేకుముక్కను అందరికీ చూపించాడు.

"మ్యాగజైన్ కావాలి ప్రభూ. నమ్మకంగా పనిచేసేది ఒక్కటున్నా చాలు."

"వారపత్రికా, మాసపత్రికా?" అని అడిగింది నెమలి. ఆమె సాంస్కృతిక కమిటీ అధ్యక్షురాలు.

"పత్రిక కాదమ్మా. తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చి తుపాకీ కింద బిగించే పెట్టె. ఒక తూటా పేలగానే లోపలి స్ప్రింగు ఇంకోదాన్ని పైకి నెడుతుంది. అది నెట్టలేదంటే నా చేతిలో ఉన్నది తుపాకీ కాదు, దుడ్డుకర్ర." బండయ్య గొంతు తగ్గించాడు. "ఇంకో సంగతి ప్రభూ. ఆ వేటగాళ్ళే కొండకవతల ఇంకో తుపాకీ పారేసుకున్నారట. అది కుక్కల చేతికి చిక్కిందట."

దుప్పులు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

సింహం ఆవులించి, "లింగం, నమ్మకంగా ఉండాలి, చవగ్గానూ ఉండాలి. చూసి కొను," అని కళ్ళు మూసుకుంది.

మ్యాగజైన్లు దొరికే చోట్లు రెండే. బండరాళ్ళ మధ్య కంటకమ్మ అనే ముళ్ళపంది ఒక్కోటీ తీరిగ్గా చేసేది. ఒక్క మ్యాగజైన్‌కి ఒక పెద్ద తేనెపట్టు అడిగేది. బేరం ఆడితే ముళ్ళు నిక్కబొడుచుకునేవి.

"పట్టుకెళ్ళి పేల్చి చూడండి. తూటా అడ్డం పడితే తెచ్చి నా మొహాన కొట్టండి," అంది కంటకమ్మ.

రెండోది తిమ్మన్న అనే కోతి కొట్టు. అక్కడ ఒక్క తేనెపట్టుకి ఏకంగా బుట్టెడు వస్తాయి.

"రండి సార్, రండి. ఆకుపచ్చవి ఉన్నాయి, మట్టిరంగువి ఉన్నాయి, పులిచారలవి నిన్ననే దిగాయి. ఏ తుపాకీకైనా ఇవే సార్. అన్నిటికీ సరిపోతాయి."

"అన్నిటికీనా?"

"సరిపోకపోతే కొద్దిగా గట్టిగా నొక్కండి."

లింగం లోపల లెక్క వేసుకున్నాడు. ఖరీదైనది కొంటే, అది పనిచేసినా గుడ్లగూబ అడుగుతుంది. చవకది కొంటే, అది పనిచెయ్యకపోయినా అడగదు. ఇంత తేలికైన లెక్క అతని ఉద్యోగంలో ఎప్పుడూ తగల్లేదు.

బండయ్య మాత్రం ఊరుకోలేదు. "రెండు చోట్ల నుంచీ శాంపిల్ తెచ్చి, నాలుగేసి తూటాలు పేల్చి చూద్దాం లింగంగారూ. ఏది అడ్డం పడకపోతే అది కొందాం."

"పేల్చి చూడ్డానికి మంజూరు కావాలి బండయ్యా. పరీక్షలకి తూటాలన్నీ తగలేసి, రేపు కుక్కలొచ్చాక లేవంటే ఎవర్నడుగుతారు? నన్ను."

అందుకని పేల్చకుండానే పరీక్ష పెట్టారు. రెండు మ్యాగజైన్లనీ చెవి దగ్గర ఊపి విన్నారు. చెట్టు మీంచి మెత్తటి గడ్డిలో పడేశారు. నీళ్ళలో ముంచి తీశారు. చివర్న నెమలి అందం చూసి మార్కులేసింది. కంటకమ్మ మ్యాగజైన్ మీద సుత్తి దెబ్బల గుర్తులున్నాయని మార్కులు కోసేసింది. పులిచారలకి మొదటి స్థానం వచ్చింది. గుడ్లగూబ ఒక కన్ను తెరిచి, "చవకే," అని మళ్ళీ మూసుకుంది. ఆ పూట లింగం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం లింగం స్వయంగా తూటాలు నింపిన మ్యాగజైన్ల బుట్ట మోసుకుని గుంట దగ్గరికి వెళ్ళాడు. ఎండకి తాళలేక అతని పెళ్ళాం కూడా పిల్లల్ని తీసుకుని నీళ్ళకి వచ్చి ఉంది. లింగం వాళ్ళ ముందు కాస్త దర్జాగా నడిచాడు.

బండయ్య బుట్టలోకి చూశాడు. "ఇన్నెందుకండీ?"

"ఒకటి మొరాయిస్తే ఇంకోటి ఉంటుంది కదయ్యా."

"అన్నీ ఒక్క కొట్టువే కదండీ."

లింగానికి ఆ మాట నచ్చలేదు. అంతలో అవతలి గట్టు మీద దుమ్ము లేచింది. దుప్పులు చెదిరిపోయాయి. రేసుకుక్కల గుంపు వచ్చి బారుగా నిలబడింది. వాటి నాయకురాలు ఎర్రమ్మ రాతి మీదికెక్కింది. ఆమె భుజాన నిజంగానే తుపాకీ ఉంది.

"తప్పుకోండి," అంది ఎర్రమ్మ.

బండయ్య బుట్టలోంచి ఒకటి తీసి తుపాకీకి పెట్టబోయాడు. లావుగా ఉంది, లోపలికి దిగలేదు. ఇంకోటి దిగింది గానీ, చెయ్యి తియ్యగానే కాళ్ళ మీద పడింది. పులిచారలది పెట్టాడు. అది నిలిచింది. తుపాకీ మీట లాగాడు. తూటా పైకి రావడమైతే వచ్చింది, కానీ అడ్డంగా వచ్చి ఇరుక్కుంది. అరచేత్తో కింద ఒక్కటి చరిచేసరికి మ్యాగజైన్ అడుగు ఊడి, స్ప్రింగు ఎగిరొచ్చి లింగం ముక్కుకు తగిలింది.

అవతల ఎర్రమ్మ తుపాకీ ఎత్తి గురిపెట్టింది. లింగం ముక్కు తడుముకోలేదు. నీళ్ళ ఒడ్డున తల్లి పొట్ట కిందికి దూరిపోతున్న తన పిల్లల్ని చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ తాను పడిన భయాలు అసలు భయాలే కావని అప్పుడు తెలిసింది. వెళ్ళి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాడు. గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

తుపాకీ పేలలేదు. అవతలి నుంచి టక్ టక్ మని చప్పుడు వినిపించింది.

కళ్ళు తెరిచి చూస్తే, ఎర్రమ్మ తుపాకీని తలకిందులు చేసి రాయితో కొడుతోంది. దాని కింద పులిచారల మ్యాగజైన్ వంకరగా వేలాడుతోంది.

"ఏమయ్యా, మీదీ అడ్డం పడిందా?" అంది ఎర్రమ్మ, రాయి కింద పెట్టి.

"పడిందమ్మా," అన్నాడు బండయ్య.

"ఎక్కడ కొన్నారు?"

బండయ్య లింగం వైపు చూశాడు. లింగం సన్నగా అన్నాడు, "తిమ్మన్న కొట్లో."

"అన్నిటికీ సరిపోతాయన్నాడా?"

"అన్నాడండీ."

"మాకూ అదే చెప్పాడు. చవక, చవక అని మావాడు మూట కట్టుకొచ్చాడు." ఎర్రమ్మ తల తిప్పి వెనక్కి చూసింది. గుంపు చివర ఒక బక్క కుక్క తోక కాళ్ళ మధ్య పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. లింగానికి సొంత తమ్ముణ్ణి చూసినట్టనిపించింది.

తుపాకులు పక్కన పెట్టి చూస్తే బండయ్య చిన్న జంతువు కాదు. రేసుకుక్కల గుంపూ తక్కువది కాదు. ఆ సంగతి రెండు ఒడ్లకీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది.

"మా పిల్లలకీ దాహమేనయ్యా," అంది ఎర్రమ్మ చివరికి.

"తాగొద్దని ఎవరన్నారమ్మా. పొర్లొద్దంటున్నాం."

అలా మొదలై మాటలు సాయంత్రం దాకా సాగాయి. పొద్దున పూట కుక్కలు, పొద్దు వాలాక మిగతా అడవి. ఎవరూ పొర్లకూడదు. లింగం పిల్లలు ఆ రోజు కుక్కపిల్లల పక్కనే నీళ్ళు తాగారు.

మర్నాడు సభలో లింగం ఉద్యోగం పోతుందనే అందరూ అనుకున్నారు. అతనూ అదే అనుకుని వచ్చాడు. సింహం మొత్తం విని గడ్డం గోక్కుంది.

"తుపాకీ పేలలేదు, నెత్తురు కారలేదు, నీళ్ళ తగాదా తీరింది. ఇంత చవగ్గా ఇంత పని ఇంతకు ముందు ఎవరు చేశారు?"

గుడ్లగూబ తల ఊపింది. లింగం మెడలో దండ వేసి, మిగిలిన శాఖల కొనుగోళ్ళు కూడా అతనికే అప్పగించారు.

బయటికి వస్తుంటే బండయ్య మెల్లగా అన్నాడు. "అంతా బాగానే ఉంది లింగంగారూ. ఈసారి వాళ్ళు కంటకమ్మ దగ్గర కొంటే?"

ఆ ప్రశ్న లింగాన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. దండ కూడా తియ్యకుండా బండరాళ్ళ దారి పట్టాడు.

"కుక్కల దగ్గర్నుంచి ఎవరైనా వచ్చారా కంటకమ్మగారూ?"

"వచ్చాడు, బక్కవాడొకడు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలా బాగుందన్నాడు. రేటు విని వెళ్ళిపోయాడు."

"మీరు తగ్గించలేదు కదా?"

"నేను తగ్గించను."

"తగ్గించకండి. ఎవరడిగినా సరే, తగ్గించకండి," అన్నాడు లింగం, రెండు చేతులూ జోడించి.

కంటకమ్మ విచిత్రంగా చూసి ఒక మ్యాగజైన్ అతని చేతిలో పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. వేలితో నొక్కితే స్ప్రింగు బుద్ధిగా దిగి, బుద్ధిగా పైకొచ్చింది. లింగం దాన్ని చాలాసేపు చూశాడు. పిల్లలు గుర్తొచ్చారు. ఆ వెనకే గుడ్లగూబ గుర్తొచ్చింది.

"చాలా బాగుందండీ," అని తిరిగిచ్చేశాడు. "రేటే కొంచెం ఎక్కువ."

నీతి: రెండు సైన్యాల మధ్య శాంతి కలకాలం నిలవాలంటే ఇద్దరి సరుకూ అతి తక్కువ రేటుకే కొనాలి.