చుక్కకు తోక ఉందని తీర్మానించడమైనది

పాఠకులారా, కంటి డాక్టర్ల అవసరం లేకుండా చేసే సాధనం ఒకటి బజారులోకి వచ్చింది. దాని పేరు రెడ్ డాట్. అందులోనూ చవకరకం రెడ్ డాట్. అది కొనే పనిలో పడ్డవాడికి డాక్టరు అక్కర్లేదు, స్నేహితుల సలహా అక్కర్లేదు, ఆఖరికి పెళ్ళాం మాట కూడా అక్కర్లేదు. ఇంతటి వరాన్ని జనం ఒక మామూలు వస్తువనుకుంటున్నారే అని నా బాధ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది అగ్గిపెట్టెంత అద్దం. పిస్టల్ నెత్తిన బిగిస్తారు. అందులోంచి చూస్తే ఒక ఎర్ర చుక్క కనబడుతుంది. ఆ చుక్కని దూరాన కాగితం మీదున్న నల్ల వలయంలో నిలబెట్టి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. పాత పద్ధతిలో అయితే పిస్టల్ వెనక గాడి, ముందు మొన, ఎదురుగా వలయం, మూడింటినీ ఒకే వరసలోకి తేవాలి. పడుచు కళ్లకి అది సరదాయే. మా పోర్ట్ హాల్వెన్ పిస్టల్ క్లబ్బులో పడుచు కళ్లు చూసి చాలాకాలమైంది.

పోనీ కళ్లు మసకబారాయని మానేద్దామా అంటే మానడానికి లేదు. ఏడాదిలో సర్కారు చెప్పినన్ని పోటీల్లో కాల్చకపోతే మా దేశంలో పిస్టల్ లైసెన్సు పోతుంది. అంచేత యార్క్ ద్వీపకల్పంలో ఉత్తరపు గాలి దుమ్ము లేపనీ, వాన కొట్టనీ, ఆదివారం వచ్చేసరికి మేమంతా క్లబ్బు రేకుల షెడ్డులో హాజరు. మోత వినబడకుండా చెవులకి డిప్పలు, చేతిలో మాంసం కూరిన పాస్టీ, కాల్పులు జరుగుతున్నాయని గోడ మీద ఎర్ర జెండా.

మా అందరిలోకీ ముందు రెడ్ డాట్ మార్గం పట్టినవాడు డెన్జిల్ పెంగెల్లీ. బార్లీ రైతు. కోతలప్పుడు తన ధాన్యంతో పాటు ఇరుగుపొరుగు ధాన్యం కూడా సొంత లారీలో రేవు గిడ్డంగికి తోలతాడు. కిందటేడు పిస్టల్ ముందు మొన అతనికి ఉన్ని దారంలా కనబడటం మొదలైంది. రెడ్ డాట్ కొనాలనుకున్నాడు. కానీ చవకగా కొనాలి. ఖరీదైనది ఎవడైనా కొంటాడు, అందులో ఏం తెలివుంది?

అలా మొదలైంది. శీతాకాలమంతా డెన్జిల్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఆ అద్దాల గురించి ప్రపంచంలో ఎవడేం రాసినా చదివాడు. చుక్క చిన్నది మేలా, పెద్దది మేలా? బ్యాటరీ పక్కనుంచి మార్చాలా, అడుగునుంచి మార్చాలా? అద్దంలో నీలిరంగు ఛాయ ఉంటే మనిషి స్వభావం మీద ఏమైనా ప్రభావం ఉంటుందా? చూడండి, ఎంత జ్ఞానం! చదివేటప్పుడు తల ఇంకాస్త, ఇంకాస్త ముందుకి వంచి, ముక్కు కంప్యూటర్ తెరకి తగిలే దూరంలో పెట్టుకునేవాడు. అది ఏకాగ్రత అని మేం మెచ్చుకున్నాం.

మొదటి అద్దం వచ్చింది. డెన్జిల్ కన్ను పెట్టి చూశాడు. చుక్క గుండ్రంగా లేదు. కామాలా ఉంది, కింద తోకతో. తిప్పి పంపేశాడు. రెండోది వచ్చింది. మళ్ళీ తోక. మూడోది ఇంకో కంపెనీది, ఇంకో దేశానిది. దానికీ తోకే! చవకరకాలన్నీ ఒకే కొలిమిలో పుట్టాయని డెన్జిల్ తేల్చాడు. ఆ తర్వాత అడిలైడ్ నుంచి వచ్చిన ఒకాయన ఖరీదైన అద్దంలోంచి చూడనిచ్చాడు. అందులోనూ కామాయే కనబడేసరికి, ఖరీదైన కంపెనీలవాళ్లు కూడా ఇప్పుడు ఆ కొలిమినుంచే తెప్పించుకుంటున్నారని డెన్జిల్ కి రూఢి అయింది.

ఈ సంగతంతా అతను ఇంటర్నెట్లో రాశాడు. నాదీ కామాయే అని కొందరు, నాది నక్షత్రంలా ఉందని కొందరు జవాబిచ్చారు. మాంట్రియల్లో ఒక రిటైరైన మేస్త్రీకి నేరేడుపండులా కనబడిందట. ఎంత సోదరభావం! మధ్యలో ఎవరో ఒకరిద్దరు, ఒకసారి కళ్లు చూపించుకోండి అని రాశారు. వాళ్లు కంపెనీ మనుషులని తెలుస్తూనే ఉంది.

డెన్జిల్ భార్య నొరీన్ కూడా క్లబ్బు సభ్యురాలే. ఊళ్లో అందరి పిల్లల్నీ స్కూలు బస్సు తోలుతూ ఏళ్ల తరబడి క్షేమంగా దింపిన మనిషి. అయినా మొగుడితో బయల్దేరితే స్టీరింగ్ మొగుడిదే. మా వైపు అదొక మర్యాద. ఒక సాయంత్రం ఆవిడ, కొత్తగా వచ్చిన నాలుగో అద్దాన్ని బల్లమీంచి తీసి, గోడవైపు పెట్టి చూసింది.

"బఠానీలా గుండ్రంగా ఉంది," అంది. "ఇదిగో, ఇది చేత్తో పట్టుకుని చక్రంలా మెల్లగా తిప్పుతూ చూడు. తోక అద్దానిదైతే అద్దంతో పాటు తిరగాలి."

డెన్జిల్ తిప్పాడు. తోక తిరగలేదు. ఎటు తిప్పినా కిందికే వేలాడుతోంది.

"చూశావా, ఎంత మొండి లోపమో!" అన్నాడు.

నొరీన్ టీ పెట్టుకోడానికి లేచింది.

నిజానికి డెన్జిల్ అంత అమాయకుడు కాడు. కంటి డాక్టరంటే అతనికి భయం. వాళ్ల నాన్నని ఒక మధ్యాహ్నం కంటి డాక్టరు ఇక బండి తోలొద్దన్నాడు. ఆ రోజు నుంచి పోయేదాకా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డు మీద పోయే బళ్లని చూస్తూ కూర్చున్నాడు. డెన్జిల్ కి చావు గురించి పెద్ద బెంగ లేదు, ఆ కుర్చీ గురించి ఉంది. లారీ లేకపోతే కోతలకి తను ఎవరు? ఆ ప్రశ్న రాకుండా ఉండాలంటే చేతిలో ఎప్పుడూ ఒక అద్దం, మనసులో ఇంకో అద్దం ఉండాలి. నేను వరమన్నది ఇందుకే.

ఇక క్లబ్బు విషయం. మా దగ్గర ఏ సంగతైనా పద్ధతిగా తేలాలి. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, తర్వాత చేతులెత్తాలి. మరుగుదొడ్డి తలుపుకి రంగు కూడా అలాగే పడింది. డెన్జిల్ తన అద్దాన్ని సభ ముందు పెట్టాడు. అధ్యక్షుడు క్లారీ నాంకివెల్ చూసి తోక ఉందన్నాడు. ఇనప సామాన్ల కొట్టు మెర్వ్ లిండ్నర్ చూసి రెండు తోకలున్నాయన్నాడు. అద్దం చేతులు మారింది. అరవై దాటినవాళ్లందరికీ ఏదో ఒక తోక కనబడింది. గుండ్రంగా ఉందని చెప్పింది నొరీన్ ఒక్కతే.

"ఆడవాళ్ల కళ్లు వేరేగా ఉంటాయి," అని క్లారీ సౌమ్యంగా సర్దిచెప్పాడు.

ఈ చుక్కలు గుండ్రంగా లేవని పోర్ట్ హాల్వెన్ పిస్టల్ క్లబ్బు తీర్మానించడమైనది. ప్రతిపాదన డెన్జిల్, బలపరచినది మెర్వ్. వ్యతిరేకంగా ఒక్క చెయ్యి. ఒక వస్తువు ఆకారాన్ని ఇంత ప్రజాస్వామికంగా నిర్ణయించిన క్లబ్బు ఇంకోటి ఉంటే చూపించండి!

ఆ సాయంత్రం డెన్జిల్ గెలిచిన ఉత్సాహంతో ఇంటికి కారు తోలుతున్నాడు. పొద్దు వాలింది. రోడ్డుకి రెండువైపులా బార్లీ, పైన నారింజరంగు దుమ్ము. ఐదో అద్దం ఏది తెప్పించాలో నొరీన్ కి చెబుతున్నాడు. నొరీన్ ఎప్పటిలాగే మధ్యమధ్య ఎడమకి, ఇంకాస్త ఎడమకి, అదిగో కంగారూ, అంటూ దారి చెబుతోంది. అది కబుర్లలో ఒక భాగమని డెన్జిల్ ఇన్నాళ్లూ అనుకున్నాడు.

ఉన్నట్టుండి ఆవిడ స్టీరింగ్ పట్టుకుని తనవైపు లాగింది. కారు మట్టిలోకి దిగి ఆగింది.

"ఏమైందే?" అన్నాడు డెన్జిల్.

"వెనక ఏం చూశావు?"

"గుంజ. రోడ్డుకి అంత దగ్గరగా గుంజ పాతిన వెధవ ఎవడో గానీ."

"ఆ గుంజ క్లారీ," అంది నొరీన్. "వాళ్ల పొలం గేటు తీసుకుంటున్నాడు. నీకు చెయ్యి కూడా ఊపాడు."

డెన్జిల్ వెనక్కి తిరిగి చూశాడు. గుంజ మళ్ళీ చెయ్యి ఊపింది. అది డెన్జిల్ ని మెర్వ్ అనుకుని ఊపిందని తర్వాత తెలిసింది.

నొరీన్ దిగి, కారు చుట్టూ తిరిగి డెన్జిల్ వైపుకి వచ్చి, తాళం తీసేసుకుంది. "నీ చుక్క గుండ్రంగా కనబడేదాకా నువ్వు తోలే బండి నేనెక్కను," అంది. "నాకు ప్రతి ఆదివారం భయమే డెన్జిల్. నీ మీద కోపం లేదు. భయం."

డెన్జిల్ ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. పెళ్లయినప్పటి నుంచి అటువైపు కూర్చోవడం అదే మొదలు. ఇల్లు చేరేసరికి వరండాలో నాన్న కుర్చీ కనబడింది. అది మాత్రం ఎంత మసకలోనూ కనబడుతుంది.

దగ్గరి పట్నం కడీనాలో కంటి డాక్టరు లిన్ ట్రాన్ అనే అమ్మాయి. డెన్జిల్ జేబులో రెడ్ డాట్ వేసుకుని వెళ్లాడు, సాక్ష్యం కోసం. ఆ అమ్మాయి అతని కళ్లు చూసింది, తర్వాత మర్యాదకి అద్దంలోంచి కూడా చూసింది. గుండ్రంగానే ఉందండీ, అంది. మీ కంటిపాప మీది పొర గుండ్రంగా లేదు, కొంచెం శుక్లం కూడా మొదలైంది, కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుంది అని చెప్పింది.

"లారీ?" అన్నాడు డెన్జిల్.

"కళ్లజోడుతో తోలుకోండి. అది లేకుండా సైకిలు కూడా వద్దు."

డెన్జిల్ కి ఆ గదిలోనే ఏడుపొచ్చింది. కళ్లలో వేసిన మందు వల్ల అన్నాడు.

కళ్లజోడు వచ్చిన రోజు వంటింట్లో ఆ నాలుగో అద్దంలోంచి చూశాడు. చుక్క! ఏ తోకా లేని ఎర్ర చుక్క, అప్పుడే పెట్టిన బొట్టులా. అతనికి సంతోషం కన్నా సిగ్గు ఎక్కువ కలిగింది. తప్పులేని అద్దాలు మూడింటిని లోకం చేత తిట్టించి తిప్పి పంపాడు.

డెన్జిల్ నిజాయితీపరుడు. తర్వాతి సభలో లేచి నిలబడి, చుక్క గుండ్రంగానే ఉందనీ, పాత తీర్మానం రద్దు చేయాలనీ, సభ్యులందరూ డాక్టరు దగ్గరికి వెళ్లాలనీ ప్రతిపాదించాడు. మా ముఖాల్లో జాలి. మంచి మనిషి, కంపెనీవాళ్లు లొంగదీసుకున్నారు పాపం!

"బలపరిచేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు క్లారీ.

వెనక వరసలో, టీ కాచే డ్రమ్ము పక్కన, నొరీన్ చెయ్యెత్తింది. క్లారీ కళ్లు చికిలించి ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూశాడు. నొరీన్ చెయ్యి దించలేదు, నోరు మెదపలేదు.

"ఎవరూ కనబడటం లేదు," అన్నాడు క్లారీ. "బలపరచినవారు లేనందున ప్రతిపాదన వీగిపోయింది."

సభ ముగిసింది. నొరీన్ తమ తెల్ల కారుని గేటు బయట ఓ పక్కకి తీసి ఆపి, లైట్లార్పి, ఫ్లాస్కులోంచి టీ పోసింది. అందరూ వెళ్లాక మనం వెళ్దాం, అంది. ఇవన్నీ డెన్జిల్ తర్వాత నాకు చెప్పినవే. కళ్లజోడులోంచి అతను ఆ దృశ్యం మొదటిసారి చూశాడు. మెర్వ్ లైట్లు వేసుకోకుండానే రోడ్డెక్కాడు. క్లారీ ముందుకని బయల్దేరి వెనక్కి వెళ్లి చెత్తడబ్బాని పడగొట్టి, దిగి, దానికి క్షమాపణ చెప్పాడు.

"నేనూ ఇలాగే తోలేవాణ్ణా?" అన్నాడు డెన్జిల్.

"నువ్వు ఇంకా వేగంగా తోలేవాడివి."

డెన్జిల్ టీ తాగేశాడు. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, ఇక పోదామా అన్నాడు. నొరీన్ తల అడ్డంగా ఊపింది. "ఆగు. పత్రికలో రాసే ఆయన ఇంకా బయటికి రాలేదు."

నిజమే. ఆఖరున బయల్దేరింది నేనే. డెన్జిల్ మాటలకి మనసు పాడై, జేబులో ఉన్న కొత్త రెడ్ డాట్ ప్రకటనని వెలుతురుకి పట్టి కాస్త ఓదార్పు పొంది, అప్పుడు కదిలాను. గేటు దగ్గర ఇన్నాళ్లూ లేని తెల్లటి పొద ఒకటి మొలిచింది. కొమ్మ తగిలి నా కారు పక్క అద్దం విరిగింది. పొదలోంచి ఆడగొంతుతో ఏదో కేక కూడా వినబడింది. పక్షులు కాబోలు.

దారి పక్కన అలాంటి పొద ఎంత ప్రమాదం! దాన్ని నరికించాలని వచ్చే సభలో ప్రతిపాదిస్తున్నాను. బలపరుస్తానని మెర్వ్ అప్పుడే మాటిచ్చాడు.