పైన కత్తిరించిన చీటీ

ఆ ఉదయం ఆమె వేసుకున్న పథకం చిన్నదే. పదింటికి ఆఫీసులో సంస్మరణ సభ, పదకొండింటికి ఇంటర్వ్యూ, అందాకా ముఖం ఎర్రబడకుండా కాపాడుకోవడం. నీటి మీటర్ల విభాగంలో ఆమె పన్నెండేళ్లుగా గుమాస్తా. ఆమె సెలవుచీటీలన్నీ తిప్పికొట్టిన పై అధికారి పది రోజుల క్రితం పోయాడు. ఆయన కుర్చీ ఖాళీ అయింది, ఇంటర్వ్యూ దానికే. ఆమెకు ఏడుపు రాలేదు, ఆశ పుట్టింది, ఆశపడినందుకు సిగ్గూ వేసింది.

ఆమెది రోజేషియా చర్మం. పడనిది తగిలితే ముఖం కందగడ్డే. డాక్టరు రాసిచ్చిన చీటీ అద్దం చట్రంలో పట్టకపోతే, పై అంగుళం నీటుగా కత్తిరించి అంటించింది. ‘ఇవి ఉన్నవేవీ వాడకూడదు’ అన్న మాట ఆ అంగుళంలోనే ఉంది. అది తనకు కంఠతా వచ్చు. నెల క్రితం ఇంటికొచ్చిన ఆడపడుచుకు రాదు.

కళ్లు మూసుకుని ఇంటర్వ్యూ జవాబులు వల్లిస్తూ ఆమె డబ్బాలోని క్రీము ముఖమంతా పట్టించింది. మూడో జవాబు దగ్గర ముఖం భగ్గుమంది.

“వదినా, ఈ డబ్బాలో ఏం పోశారు?”

“నీ క్రీము అయిపోయిందిగా. చీటీలో ఉన్నవన్నీ తెచ్చాను. కర్పూరం, మెంథాల్, స్పిరిట్... సెంటు విడిగా కొని కలిపాను. నాలుగు షాపులు తిరిగాననుకో.”

ఆవిడ ముఖంలో ఆప్యాయత చూశాక తిట్టడానికి నోరు రాలేదు.

ఎన్నిసార్లు కడిగినా ఎరుపు తగ్గలేదు. కర్పూరం ఘాటుకు కళ్లు ధారకట్టాయి. సభలో పొడికళ్లతో కూర్చున్న వాళ్లంతా ఆమెనే చూశారు.

“క్రీము పడలేదండీ,” అంది, రుమాలు అందించిన స్టోర్‌కీపరుతో.

“దాచుకోకండి. మాకు తెలీదూ?” అన్నాడాయన.

పోయినాయన భార్య వచ్చి ఆమెను గట్టిగా హత్తుకుంది. ఉన్ని శాలువా రాసుకుని, చెంప ఇంకా కందింది. “మీరొక్కరేనమ్మా, ఆయన్ని మనిషిగా చూసింది,” అందావిడ. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

పదకొండింటికి డైరెక్టరు తలుపు దగ్గరే ఆపేశాడు.

“ఆయన గదిలో, ఆయన వస్తువుల మధ్య మిమ్మల్ని కూర్చోబెట్టడం పాపమండీ. స్టోర్‌కీపరు రాతిగుండె మనిషి, ఆ కుర్చీలో ఆయన సర్దుకుంటాడు. ఏటా ఈ సభ మాత్రం మీరే జరిపించాలి.”

“సార్, అది క్రీము...”

“ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి. సెలవు నేనిస్తాను.”

పన్నెండేళ్లలో అడక్కుండా దొరికిన మొదటి సెలవు అది. సాయంత్రానికి ముఖం మామూలు రంగుకు వచ్చింది. అప్పుడు అద్దం ముందు నిలబడి నిజంగానే ఏడ్చింది. డాక్టరు చీటీలో కన్నీళ్ల ప్రస్తావన లేదు.