స్టెప్పులు చూపించని లెక్క

శనివారం పొద్దున లెక్కల మాస్టారి కార్యక్రమం చిన్నదే. కాఫీ తాగడం, కర్టెన్ల లెక్క చేసే తన యంత్రాన్ని పనిలో పెట్టడం, హాలులోని పెద్ద బల్లను శాశ్వతంగా దక్కించుకోవడం. నెల్లాళ్ళ సెలవుల్లో ఆయన ఆ బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, వెబ్ పేజీలో లెక్కలు చేసే ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నారు. అలా రాసిన ప్రోగ్రామునే ఆయన యంత్రం అంటారు. ముందు గదిలో కర్టెన్ల దుకాణం నడిపే ఆయన భార్యకు ఆ నెల్లాళ్ళూ గుడ్డ కత్తిరించుకోవడానికి నేలే గతి అయింది.

"నా నడుం విరిగిపోతోంది. సాయంత్రంలోపు మీ డబ్బా పనికొచ్చే లెక్క ఒక్కటి చేసిపెట్టిందా, బల్ల మీకు. లేదా, నాకు," అని తేల్చిచెప్పి, పళ్ళ డాక్టరుగారి కొత్త క్లినిక్‌లో కిటికీలు కొలవడానికి ఆవిడ వెళ్ళింది.

యంత్రాన్ని మాస్టారు ముందే పరీక్షించారు. ఎంతెంత పెద్ద గుణకారాలిచ్చినా తడుముకోకుండా చేసింది. కూడికను పరీక్షించడం మాత్రం ఆయనకు నామోషీ అనిపించింది. పైగా, స్టెప్పులు రాయని పిల్లలకు మార్కులు కోసే ఆ మనిషి, తన యంత్రాన్ని జవాబు ఒక్కటే చూపించమన్నారు.

గంటకు ఆవిడ ఫోన్ చేసింది. "ముందు గదిలో రెండు కిటికీలు, వెనక గదిలో మూడు. కిటికీకి నాలుగు మీటర్లు, నీలం గుడ్డ. కుట్టడానికి రెండు రోజులు, బిగించడానికి ఒకటి. గుడ్డల షాపాయనకూ డాక్టరుగారికీ మీరే చెప్పండి, నేను రింగులు కొనుక్కుని వస్తా."

మాస్టారు ఐదు గడుల్లో ఐదు అంకెలూ కొట్టారు. తొంభై రెండు మీటర్లు, ఇరవై ఒక్క రోజులు అంది యంత్రం.

"తొంభై రెండా! అది పళ్ళ ఆస్పత్రా, సినిమా హాలా మాస్టారూ?" అన్నాడు షాపాయన.

"నా లెక్కకు తిరుగుండదయ్యా. పంపించు."

"షాపులో ఉన్న నీలమంతా ఊడ్చి పంపాలి మరి."

"ఊడ్చు."

డాక్టరుగారు అంత తేలిగ్గా ఊరుకోలేదు. "ఇరవై ఒక్క రోజులేంటండీ! బుధవారం క్లినిక్ తెరుస్తుంటే! అప్పటిదాకా జనం పళ్ళు నొప్పెట్టకుండా ఆగుతాయా?"

భార్య మాట పోతుందని మాస్టారు హడలిపోయి, ముగ్గురు టైలర్లను మిషన్లతో సహా రమ్మన్నారు.

మధ్యాహ్నం ఆవిడ తిరిగొచ్చేసరికి ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. గుమ్మంలో మూడు మిషన్లు, హాలు నిండా నీలం గుడ్డ. బల్ల మీది ల్యాప్‌టాప్ ఆ గుడ్డ కింద ఎక్కడో ఉంది.

"ఏమిటండీ ఇదంతా?"

"నీ క్లినిక్కే."

"ఐదు కిటికీలకా?"

ఐదు అన్న మాట చెవిన పడగానే మాస్టారు గుడ్డ కిందికి చేతులు పోనిచ్చారు. ల్యాప్‌టాప్ తవ్వితీసి చూశారు. గడుల్లో కొట్టిన అంకెల్ని యంత్రం గుణకారంలో అంకెలుగానే చూస్తోంది. కూడికలో మాత్రం అక్షరాలనుకుని పక్కపక్కన అతికిస్తోంది. రెండూ మూడూ కలిస్తే ఇరవై మూడు కిటికీలు, రెండూ ఒకటీ కలిస్తే ఇరవై ఒక్క రోజులు. మాస్టారికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆవిడ వేళ్ళు మడిచింది. "ఇరవై మీటర్లు చాలు. డెబ్బై రెండు మిగులు. ఆ షాపాయన అమ్మిన గుడ్డ చచ్చినా వెనక్కి తీసుకోడు."

మాస్టారు బల్ల మీంచి తన పుస్తకాలు తీసేసుకోవడం మొదలుపెట్టారు. అప్పుడే లేడీస్ హాస్టల్ వార్డెన్ రొప్పుకుంటూ వచ్చింది.

"షాపులో నీలం గుడ్డంతా మీరే ఎత్తుకొచ్చారట కదమ్మా! మాకు పద్దెనిమిది కిటికీలు, ఇదే కొలత, ఇదే రంగు. టైలర్లు కూడా సిద్ధంగా ఉన్నారే! మాకు కుట్టిపెట్టరూ?"

పద్దెనిమిది నాలుగులు డెబ్బై రెండు. ఈసారి మాస్టారు నోటితోనే చేశారు.

వార్డెన్ అటు వెళ్ళగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "చూశావా? నా యంత్రం లేకపోతే ఈ ఆర్డర్ వచ్చేదా?"

"వచ్చేది కాదు. అందుకే బల్ల ఖాళీ చేయండి. ఇంత గుడ్డ నేల మీద కత్తిరించలేను."

మాస్టారు వంటింటి గుమ్మం దగ్గర నేల మీద చతికిలబడి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నారు.

"దాన్ని బాగుచేయకండి," హాల్లోంచి కేకేసిందావిడ. "కొలతలు నేను చూసుకుంటా, ఆర్డర్లు అది చూసుకుంటుంది."

మాస్టారు వినలేదు. రెండూ మూడూ ఐదవడం కళ్ళారా చూశాకే, నడుం పట్టుకుని నేల మీంచి లేచారు.