బోర్లా వేసిన బండ

ఒకే ముహూర్తానికి రెండు శిలాఫలకాలు కావాలని కమలాపురం దారిలో ఉన్న ఖాదర్ మొహిద్దీన్ రాతి షెడ్డుకు ఉత్తర్వు వచ్చింది. మొదటి దానిపై చెక్కవలసినది: 'ఈ బొగ్గు విద్యుత్ కేంద్రము 2066 వరకు ప్రజాసేవ చేయును.' రెండో దానిపై: 'ఈ ప్రాంతము 2047 నాటికి పొగ రహితమగును.'

ఖాదర్ నలభై ఏళ్లుగా నల్లబండ మీద అక్షరాలు చెక్కుతున్నాడు. ఒక్క తప్పు లేదు. ఆ ఊళ్లో అక్షరం చెక్కిన బండను పగలగొట్టరు. పనికిరాకపోతే బోర్లా వేసి, దాని మీద బట్టలు ఉతుక్కుంటారు. పొగగొట్టం లేచేది ఖాదర్ పెరటిగోడకు అవతలే. మనవరాలు గౌసియాకు ఇప్పటికే ఉబ్బసం. బోర్లా పడేది బొగ్గు బండే అవుతుందన్న ఆశతో అతను ఆ ఉత్తర్వు పంపిన విద్యుత్ ఆఫీసుకు వెళ్లాడు.

"పందొమ్మిదేండ్లు తేడా వస్తాండాది సార్. రెండిట్లో ఒకటి తప్పు."

ఇంజనీరు వేణుగోపాల్ ఆ లెక్కను మెచ్చుకున్నాడు. కర్నూలు వైపు నుంచి ఎండ కరెంటు చవగ్గా వస్తోందని, ఈ కేంద్రం అవసరమే లేదని ఫైల్లో ఉన్న సంగతి కూడా చెప్పాడు.

"బొగ్గు బండ చెక్కేది అయిపోయిందా, ఖాదర్ భాయ్?"

"నిన్ననే అయిపాయ సార్."

"ఇంకేముండాదప్పా. చెక్కినాక ఆపితే పనంతా దండగ కాదా?"

తర్వాత అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. బండ చెక్కారు గనుక పునాది తవ్వాలని సమీక్షా సంఘం తీర్మానించింది. పునాది తవ్వారు గనుక బాయిలర్ తెప్పించింది. బాయిలర్ వచ్చింది గనుక బొగ్గుకు నలభై ఏళ్ల ఒప్పందం రాసుకుంది. ఒప్పందం ఉంది గనుక, మధ్యాహ్నం కరెంటు ఎక్కువైనప్పుడు ఎండ కరెంటునే ఆపాలని ఆదేశించింది. ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి మాట్లాడుతూ, భవిష్యత్తును ఇంత ముందుగా ఖాయం చేసిన తరం మరొకటి లేదన్నారు. అందులో అబద్ధం లేదు.

చెక్కిన రెండో బండను మాత్రం, ఇక పనికిరాదని, ఖాదర్‌కే తిరిగి ఇచ్చారు. అది ఇప్పుడు అతని పెరట్లో బోర్లా ఉంది.

"ఉతికి ఆరేస్తే మళ్లా మసి," అంటుంది అతని భార్య మున్నీ బీ. "నీ రాయి శానా మంచిదిలే, అరగదు." లోపల గౌసియా దగ్గుతూ ఉంటుంది.

ఇరుగుపొరుగు ఎవరూ కేంద్రం మీద ఫిర్యాదు ఇవ్వలేదు. బట్టలు ఉతుక్కోవడానికి అలాంటి బండ తమకూ ఒకటి ఇప్పించమని మాత్రం అర్జీ పెట్టుకున్నారు. అధికారులు సానుకూలంగా స్పందించారు. ఏటా ఒక కొత్త ప్రతిజ్ఞ చెక్కిస్తున్నారు గనుక, ఇంటికొకటి అందుతుంది.