నిష్కళంక వెండెల్ మోకాటి మరక

హిమకణధూసరితమగు జనవరి అపరాహ్ణమున, ఈరీ సరోవరపు దక్షిణతీరమున, సాసేజుల పొగ మేఘమండలమును ముట్టగా, బీరుతో తడిసిన వేలకొలది కంఠములు ఘూర్ణిల్లు క్రీడారంగమున, బీవర్లనబడు మహాసేన ఆ ఏటి కడపటి అమెరికా ఫుట్‌బాల్ సంగ్రామము సల్పుచుండెను.

బంతినందుకొని ఆ సేనను నడుపు క్వార్టర్‌బ్యాక్ ప్రూయిట్ అను యువకిశోరము. వాడు పడినచో దిగవలసిన ప్రత్యామ్నాయవీరుడు, బెంచీసింహాసనాధీశ్వరుడు, ఉన్నిటోపీకిరీటధారి, పొద్దుతిరుగుడు గింజల నిత్యోపాసకుడు వెండెల్ క్రుపా. పదుమూడేండ్లుగా ఆ మహాభుజుడు యుద్ధసన్నద్ధుడై కూర్చుండెను. పాపము, వాని ముందున్న వీరులెవ్వరికిని జలుబైనను చేయలేదు.

నేటితో వానికి విరమణ. అయినను వాని శ్వేతవస్త్రము మీద మట్టి మరక పడి యెరుగదు. ఒకప్పుడొక పచ్చని చుక్క పడగా సేన యెల్ల కరతాళధ్వనులు సలిపెను గాని, సైన్యరజకి లొరెయిన్ దానిని మూర్కొని, "ఆవాల సాసురా ఇది! బెంచీ మీద సాసేజ్ మెక్కాడు!" అని చాటెను. ఆ యవమానము వాని గుండెలో ముల్లై నిలిచెను.

ఈ యుదయమున ఆమెయే తుది శాసనము చేసెను.

"చూడు వెండెల్, ఇవాళ మరకతో వస్తే ఈ ప్యాంటు నీకే, ఇంటికి పట్టుకుపో. లేదంటే కొత్తగా వచ్చేవాడికిచ్చేస్తా. కొన్నప్పుడెలా ఉందో అలాగే ఉంది మరి."

"మా ఇంట్లోవాళ్ళు నేను ఆడానంటే నమ్మాలిగా, లొరెయిన్!"

"ముందు నన్ను నమ్మించరా నాయనా."

యుద్ధము ముగియవచ్చెను. బీవర్లదే పైచేయి. ఇక బంతినందుకొని మోకాలు నేలకానించినచో ఆట అచ్చటనే నిలిచిపోవును, ఆగక తిరుగు గడియారమే తక్కిన శత్రుసంహారము గావించును. సరిగా అప్పుడే ప్రూయిట్ శిరస్త్రాణపు పట్టీ పుటుక్కున తెగెను. తెగిన పట్టీతో ఆడరాదని రిఫరీ వానిని వెలుపలికి పంపెను.

"క్రుపా! ఎక్కడ చచ్చావ్?" అని కోచ్ గర్జించెను.

దిగ్గున లేచి, టోపీ విసరి, శిరస్త్రాణమునెత్తి తలపై బోర్లించుకొనగా, హా! ఏండ్ల తరబడి దానినే గిన్నెగా వాడుకొనిన పాపఫలమున, గింజల పొట్టు జలపాతమై వాని భుజశిఖరములపై వర్షించెను.

"తాతా, బంతి పట్టుకో, మోకాలు ఆనించు. అంతే! హీరోయిజాలు వద్దు," అని ప్రూయిట్ బతిమాలెను.

పొట్టు రాలుచుండగా రణమధ్యమునకేగి, గుమిగూడిన యోధులనుద్దేశించి వెండెల్ గొంతు సవరించుకొనెను. "సోదరులారా! పదమూడేళ్ళుగా ఈ క్షణం కోసమే నేను..."

"గడియారం పోతోంది, కూర్చోవయ్యా!" అనెను బంతినందించు మల్లుడు. "నీకు అలవాటైన పనేగా!"

బంతి వచ్చెను. పట్టెను. వజ్రపాతమువలె మోకాలు దించెను. ఈల మ్రోగెను. కాని కటకటా! శీతమున శిలయైన ఆ నేల చిటికెడు మట్టినైనను విదల్చలేదు. వస్త్రము పాలవలె తెల్లగనే యుండెను.

జనులు లేచి కార్ల వైపు మళ్ళిరి. వెండెల్ లేవలేదు. బంతిని గుండెకదుముకొని, దంతములు పటపట కొరికి, గడ్డకట్టిన పచ్చికపై మోకాటిని రాచెను, రాచెను, మరల రాచెను.

పర్వతాకారుడగు శత్రుయోధుడొకడు వంగి చూచెను. "అన్నా, ఆట అయిపోయింది. కాలు పట్టేసిందా?"

"ఒక్క నిమిషం తమ్ముడూ. నీకు పుణ్యముంటుంది, కాస్త భుజం మీద నొక్కు."

ఏమనుకొనెనో, ఆ ధర్మాత్ముడు నొక్కెను.

పిమ్మట వెండెల్, మోకాటిని రెండు చేతుల కప్పుకొని, కుంటుచు, చాకిరేవు గదికి చేరెను. ఎవ్వరును తాకరాదు, ఎవ్వరును తుడువరాదు! లొరెయిన్ కళ్ళజోడు సవరించుకొని వంగెను. వేలితో గీకెను. ముక్కు దగ్గర పెట్టి మూర్కొనెను. వెంట వచ్చిన సేన యెల్ల గుమ్మమున క్రిక్కిరిసెను. వెండెల్ కన్నులు మూసికొనెను.

"గడ్డిరా," అనెను ఆమె మెల్లగా. "ఒట్టి గడ్డి."

జయజయధ్వానములు మిన్నుముట్టెను. బంతి బయలుదేరిన గీతకు వెనుక మోకాలు దించినందున, లెక్కల ప్రకారము ఆ మహావీరుడు జీవితకాలమున సాధించినది ఒక గజము వెనుకంజ. అయిననేమి! సబ్బు తాకని ఆ వస్త్రమును లొరెయిన్ స్వహస్తములతో మడిచి వాని చేతిలో పెట్టెను. అణా కాసంత ఆ పచ్చని మరక, మోకాటి చోటునే, పైకి కనబడునట్లు మడిచెను.