మధ్య ముక్కకు ఒక్క బుట్ట

ఒక పెద్ద అడవిలో అన్నిటికీ ఒక పద్ధతి ఉండేది. పద్ధతి తప్పి తుమ్మినా అక్కడ సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఎండాకాలం వస్తే ఆ అడవిలో మేతకు చాలా కష్టం. అందుకని జంతువులన్నీ ముందే ఇప్పపూలు, రేగుపళ్ళు ఎండబెట్టి, బుట్టల్లో పోసి, ఒక గుహలో దాచేవి. గుహను చూసుకోవడానికి ఒక సంఘం. దాని అధ్యక్షుడు అడవిదున్న గంభీరయ్య. కార్యదర్శి తొండ కోటిలింగం. తొండలకు పుట్టుకతోనే తల ఊపే అలవాటు ఉంటుంది కదా, ఆ అర్హత మీదే ఆయనకు పదవి వచ్చింది.

సంఘానికి ఒక నియమం ఉంది. ఇది జాగ్రత్తగా వినండి, కథంతా దీని మీదే నడుస్తుంది. గుహలోంచి ఒక్క బుట్టకు మించి తీయాలంటే అడవంతా సమావేశమై ఒప్పుకోవాలి. ఒక్క బుట్టయితే అధ్యక్షుడే తీసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

వాగు అవతల ఉండే నక్క సన్యాసిరావు చెవిన ఈ నియమం పడింది. మర్నాడే వాగు ఒడ్డున బండ మీద పేకముక్కలు తెచ్చి పెట్టాడు.

"రండి గంభీరయ్యగారూ! ఈ ఏడు మీకు పూత సరిగ్గా లేదట, వినగానే ప్రాణం ఉసూరుమంది. సరదాగా నాలుగు ఆటలు ఆడితే మీ గుహ నిండిపోదూ?"

"పెద్ద పందేలు మేం ఆడం. పద్ధతి గలవాళ్ళం," అన్నాడు దున్న.

"రామరామ! పెద్ద పందెం నేను పెట్టనిస్తానా? నా బండ మీద ఎప్పుడు పెట్టినా ఒక్కటే బుట్ట. మీరు బతిమాలినా రెండోది ముట్టను."

దున్న తొండ వైపు చూశాడు. తొండ తల ఊపాడు.

ఆట తేలికే. ఇద్దరికీ చెరి రెండు ముక్కలు, అవి ఎవరివి వాళ్ళు దాచుకోవాలి. బండ మీద మూడు ముక్కలు పరుస్తారు, అవి ఇద్దరికీ పనికొస్తాయి. తర్వాత ఇంకొకటి, ఆ తర్వాత మరొకటి. ముక్కలు తిరగబడే ముందల్లా ఇద్దరూ చెరో బుట్ట పెట్టాలి. ఇష్టం లేకపోతే చేతిలోవి పడేసి లేచిపోవచ్చు. వరసగా అయిదు అంకెలు కుదిరినవాడు జతలు ఉన్నవాణ్ణి కొడతాడు.

దున్నకు ఆరు, తొమ్మిది వచ్చాయి. బండ మీద ఏడు, పది, రాజు.

"కోటిలింగం! ఆరు, ఏడు, తొమ్మిది, పది! మధ్యలో ఎనిమిది పడితే చాలు," అని దున్న తొండ చెవిలో గుసగుసలాడాడు. ఆ గుసగుసకు అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

పక్కనే ఉడుత రంగనాయకి నిలబడి ఉంది. ఆవిడా సంఘం సభ్యురాలే. ఇంకా కళ్ళు తెరవని ముగ్గురు పసిపిల్లల తల్లి. ఎండాకాలం ఆ గుహలో బుట్టలుంటేనే ఆవిడకు పాలు, పాలుంటేనే పిల్లలు.

"పడకపోతేనో అన్నగారూ?" అంది.

"ఏం పోతుందమ్మా? ఒక్క బుట్టేగా!"

ఇక్కడ మనం కాస్త ఆగి చూద్దాం. పేకలో ఎనిమిదులు నాలుగే. దున్నకు కనపడని ముక్కలు నలభై ఏడు. అంటే ఇలాంటి ఆట పన్నెండుసార్లు వస్తే, తర్వాతి ముక్క ఎనిమిది కావడం ఇంచుమించు ఒక్కసారి. మిగిలిన పదకొండుసార్లూ బుట్ట పోతుంది. మరి గెలిచిన ఆ ఒక్కసారీ పదకొండు బుట్టల పైన వస్తేనే కదా గిట్టేది? బండ మీద ఉన్నవి, నక్క ఇప్పుడే పెట్టినదాంతో కలిపి, మూడు. లేచిపోవాల్సిన ఆట ఇది. కానీ లేచిపోవడానికి ఆ సంఘంలో పద్ధతేదీ లేదు. బుట్ట తీయడానికే ఉంది.

దున్న బుట్ట పెట్టాడు. రాణి పడింది. ఇంకో బుట్ట పెట్టాడు. తొమ్మిది పడింది. నక్క రాజుల జత చూపించి బుట్టలన్నీ లాక్కున్నాడు.

"చూశావా! ఎనిమిది పడాల్సిన చోట తొమ్మిది! ఒక్క అంకెలో తప్పింది," అన్నాడు దున్న. "దగ్గరికొస్తున్నాం."

తొండ తల ఊపాడు.

అలా రోజూ ఆట. రోజూ ఏదో ఒక మధ్య ముక్క కోసం ఎదురుచూపు. ఉడుతకు ఒళ్ళు మండింది.

"సమావేశం పెట్టండి. అడవంతా ఉన్నప్పుడు అడుగుతాను మిమ్మల్ని!"

"దేనికి సమావేశం? ఏనాడైనా, ఏ ఒక్కసారైనా, ఒక్క బుట్టకు మించి తీశానా? చెప్పు!"

తీయలేదు.

ఆ మధ్యాహ్నమే ఎనిమిది పడింది!

నక్క నవ్వుతూ ముక్కలు పడేసి మూడు బుట్టలు అప్పజెప్పాడు. ఇక చూడాలి ఆ సంబరం! బుట్టలకు పూలు చుట్టి ఊరేగించారు. కోతులు డోళ్ళు వాయించాయి. తొండకు తల ఊపీ ఊపీ మెడ పట్టేసింది. అందరికంటే ముందు నిలబడి తోక ఎత్తి ఆడింది ఎవరనుకున్నారు? రంగనాయకే.

"ఆ రోజు నీ మాట విని లేచిపోయి ఉంటే?" అన్నాడు దున్న, అందరూ వినేలా. ఆడి అలిసిన ఉడుత తోక దించి పక్కకు తప్పుకుంది.

ఆ తర్వాత ఆవిడ "పడకపోతేనో" అని అడగలేదు. పడింది కదా ఒకసారి!

ఎండలు ముదిరాయి, ఆట మాత్రం ఆగలేదు. గుహ తలుపురాయి జరిపితే లోపల ఊరేగింపు నాటి ఎండిన దండలు మాత్రం వేలాడుతున్నాయి. ఉడుతకు పాలు తగ్గాయి. పిల్లలు ఏడవడం కూడా మానేశారు.

అడవి గోల పెడితే విచారణ జరిగింది. విచారణాధికారి గంభీరయ్యే. ప్రతి బుట్టా నియమం ప్రకారమే బయటికి వెళ్ళిందని, ఎవరి తప్పూ లేదని తేలింది. తొండ, మెడ నొప్పితోనే, తల ఊపాడు.

అప్పుడు నక్క వాగు దాటి వచ్చాడు, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని.

"పసివాళ్ళు మాడిపోతుంటే చూడలేకపోతున్నాను. మీ బుట్టలు మీకే ఇచ్చేస్తాను. బదులుగా ఈ వాగు ఒడ్డు నా పేర రాయండి, అంతే."

అడవి గొల్లుమంది. తాగే నీళ్ళు పోతే ఇంకేముంది? "ఒడ్డంతా ఇవ్వాలంటే సమావేశం పెట్టాలి," అన్నాడు దున్న గంభీరంగా.

"ఒడ్డంతా ఒకేసారి ఎవరడిగారండీ? రోజుకొక్క మూర. మూరకొక్క బుట్ట."

దున్న ముఖం విప్పారింది. "ఒక్క మూరేనా? ముందే చెప్పరేం! అది నా అధికారంలోదే."

ఈసారి తొండ కంటే ముందు ఒక తల ఊగింది. పిల్లల్ని పొట్టకు అదుముకుని నిలబడ్డ రంగనాయకిది.

నీతి: ఉన్నదంతా ఒక్కసారే పోగొడితే దాన్ని దివాలా అంటారు, ఒక్కో బుట్టగా పోగొడితే పరిపాలన అంటారు.