ఐదు నిమిషాలకు అనుమతి

టీనేజ్ పిల్లలకు గర్భనిరోధం గురించి చెప్పాలా, వద్దా? లోకమంతా బుర్రలు బద్దలు కొట్టుకుంటోంది. మా బడి తల్లిదండ్రుల కమిటీ మాత్రం ఎప్పుడో జవాబు కనిపెట్టేసింది. చర్చిస్తూనే ఉండాలి! చర్చను మించిన గర్భనిరోధక సాధనం ఇంతవరకూ పుట్టలేదు!

నవ్వకండి. ఆ కమిటీకి కార్యదర్శిని నేనే. నలుగురు పిల్లల తండ్రిని. ఇద్దరు చాలనుకున్న మాట నిజమే గానీ, అది మా ఇంటి విషయం.

మా పద్ధతి వినండి. 'ఆ విషయం'లో సందేహం వచ్చిన విద్యార్థి నేరుగా నర్సమ్మ గదికి పోకూడదు. ఫారం నింపాలి. దాని మీద అమ్మ, నాన్న, క్లాస్ టీచరు, హెడ్మాస్టరు సంతకాలు పెట్టాలి. అవన్నీ పూర్తయ్యేసరికి పెళ్లీడు వచ్చేస్తుంది, సందేహం దానంతటదే తీరిపోతుంది. ఎంత ముందుచూపు!

ఫారంలో 'గర్భ' అన్న మాట కనబడకూడదని క్లాస్ టీచరు పట్టుబట్టారు. సరే, 'ఆరోగ్య విషయమై' అని అచ్చు వేయించాం. నాన్నలంతా కళ్లజోళ్ల కోసం కాబోలనుకుని టకటకా సంతకాలు పెట్టేశారు! గుండె ఆగినంత పనైంది. ఫారాలన్నీ వెనక్కి లాక్కుని, కొత్త మాట వెతకడానికి ఉపసంఘం వేశాం. వెతుకుతోంది.

ఇక సైన్సు పుస్తకం. అందులో పునరుత్పత్తి పాఠం ఉందని తెలిసి ఒక ఆదివారమంతా కూర్చుని ఆ పేజీలన్నిటికీ స్టేప్లర్ పిన్నులు కొట్టాం. వేళ్లు బొబ్బలెక్కాయి. ఏం జరిగిందనుకున్నారు? పుస్తకం మొహం చూడని మొద్దులు కూడా గోళ్లతో పిన్నులూడదీసి పాఠం మొత్తం కంఠతా పట్టారు! తీరా అందులో ఉన్నది కప్పల సంగతి. కప్పల విషయంలో మా పిల్లలకిప్పుడు ఏ సందేహమూ లేదు. లెక్కల పుస్తకానికీ పిన్నులు కొట్టిపెట్టమని హెడ్మాస్టరు గారు నన్ను బతిమాలుతున్నారు.

ఇంత పకడ్బందీగా సాగుతుంటే, పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె, క్లాసు ఫస్టు, నర్సమ్మ గది ముందున్న పెట్టెలో ఫారం లేకుండా చీటీ వేసింది. "మేడమ్, గర్భం రాకుండా జాగ్రత్తల గురించి అడగాలి. ఐదు నిమిషాలు చాలు. అమ్మని అడిగే ధైర్యం లేదు."

నర్సమ్మ ఆ చీటీ పట్టుకుని కమిటీ ముందుకొచ్చింది. "పిల్ల భయపడుతోందండీ. ఒక్కసారి మాట్లాడనివ్వండి."

అనుమతి లేకుండా నోరు విప్పితే ఆమె ఉద్యోగం పోతుంది. ఆ రూలూ మాదే. ముందు ఆమె ఏం చెబుతుందో మేం వినాలి కదా అన్నాం.

"ముందు మీకెంత తెలుసో చూద్దాం" అంటూ ఆమె పది ప్రశ్నల కాగితం పంచింది!

చెప్పుకుంటే సిగ్గుచేటు. నాకు పదికి రెండొచ్చాయి. నా పక్కన కూర్చున్న మందుల షాపు ఆయనకీ రెండే, ఎందుకంటే నా కాగితంలో చూసి రాశాడు. అదీ, రోజూ నల్ల కవర్లో చుట్టి తాను అమ్మే సరుకు గురించి! చైర్మన్ గారు 'సిలబస్‌లో లేదు' అని తెల్లకాగితం ఇచ్చేశారు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది.

"నలుగుర్ని కన్నాకా పరీక్ష రాసేది?" అంది.

పెద్దలకే తెలియనిది పిల్లలకెందుకు? మేం పాసయ్యేదాకా అంశం వాయిదా! తర్వాతి సమావేశం సరిపడా సభ్యులు రాక ఆగిపోయింది. ఆ పై సమావేశం చైర్మన్ గారి పంటినొప్పి వల్ల. ఇంకొకటి, టీ చల్లారిపోయిందని కమిటీలోని బ్యాంకు క్లర్కు అలిగి లేచిపోవడం వల్ల. ప్రతిసారీ గుమ్మం దగ్గర నిలబడి నర్సమ్మ ఒకటే అడిగేది. "ఆ పిల్లకేం చెప్పనండీ?" ఓపిక పట్టమని చెప్పు అనేవాళ్లం.

ప్రజాస్వామ్యం అంటే ఇదీ! ఎనిమిది నెలల మేధోమథనం తర్వాత తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నర్సమ్మ ఆ అమ్మాయితో ఐదు నిమిషాలు, అక్షరాలా ఐదు నిమిషాలు, మాట్లాడవచ్చు! చప్పట్లతో గది మార్మోగింది.

నర్సమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"ఎవరితో మాట్లాడనండీ? మిగతా పిల్లలు చెడిపోతారని పోయిన వారం మీరే రిజిస్టర్లోంచి ఆ పిల్ల పేరు కొట్టేశారు కదా. ఇప్పుడు ఐదో నెల" అంది.

కిటికీలోంచి చూస్తే మైదానంలో ఆటలు జరుగుతున్నాయి. అందుకు కారణమైన అబ్బాయి కూడా ఆడుతున్నాడు. అబ్బాయిల పేర్లు కొట్టేసే రూలు మేం రాయలేదు.

వార్షిక నివేదిక రాయాల్సింది నేనే కాబట్టి కూర్చుని రాశాను. 'మా విధానం నూరు శాతం విజయవంతం. విద్యార్థినుల్లో గర్భవతులు ఎవరూ లేరు.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు విద్యార్థిని కాదుగా!